నింద ఎదురైనా రచన ఎందుకు?

శాస్త్రవిషయం మీద నాలుగు మాటలు వ్రాసి నలుగురి ముందు ఉంచిన ప్రతివారికీ ఒక అనుభవం తప్పదు. చదివినవారిలో అధికులు మౌనంగా ఉంటారు. కొందరు సంతోషించి ఆశీర్వదిస్తారు. ఒకరిద్దరు మాత్రం విషయాన్ని విడిచి వ్యక్తిని పట్టుకుంటారు. వ్యాకరణం ఎవరి దగ్గర చదివావని, వేదాంతశ్రవణం గురుముఖతః చేశావా అని, అధికారం లేనివాడికి ఈ ప్రయాస ఎందుకని నిలదీస్తారు. ఉద్యోగ విరమణ అనంతరం ఏళ్ల తరబడి గీతాభాష్యాన్ని శ్రద్ధగా పఠించి, తనకు బోధపడినంతను సులభమైన తెలుగులో వ్రాసిన సాధకుడు ఇటువంటి ఒక్క మాటతో కలాన్ని శాశ్వతంగా పక్కన పెట్టడం లోకంలో అరుదు కాదు. పది ప్రశంసలను మరునాటికి మరచిపోయే మనస్సు ఒక్క పరుషవాక్యాన్ని మాత్రం ఏళ్ల తరబడి మోస్తుంది.

ఇంత తెలిసీ వ్రాసేవారు ఎందుకు వ్రాస్తున్నారు? కీర్తికాంక్ష అని కొందరు తేలికగా తేల్చివేస్తారు. కీర్తి కావలసినవానికి అధ్యాసభాష్యం కన్నా సులభమైన మార్గాలు లోకంలో చాలా ఉన్నాయి. లోకోపకారం అని మరికొందరు అంటారు. అది సత్యమే కాని, అందులో తాను ఇచ్చేవాడు, పాఠకుడు పుచ్చుకునేవాడు అనే సూక్ష్మాహంకారానికి చోటున్నది. ఇచ్చేవాడినన్న భావం ఉన్నంతకాలం నింద కృతఘ్నతలా తోస్తుంది, బాధ రెట్టింపవుతుంది. ఇంకొందరు, ఎవరేమన్నా పట్టించుకోకుండా వ్రాస్తూ పోవాలని ఉపదేశిస్తారు. ఉపేక్ష వేరు, సమత్వం వేరు. చెవులు మూసుకున్నవానికి సమత్వం సిద్ధించిందని చెప్పలేము. ఈ మూడింటికన్న దృఢమైన సమాధానం అద్వైత సంప్రదాయంలోనే ఒక ఆచార్యుని నోట లభిస్తుంది.

సురేశ్వరాచార్యుల ప్రయోజన ప్రకటన

శంకర భగవత్పాదుల సాక్షాత్ శిష్యులైన సురేశ్వరాచార్యులు నైష్కర్మ్యసిద్ధి అనే నాలుగు అధ్యాయాల గ్రంథాన్ని రచించారు. తాము దానిని ఎందుకు వ్రాస్తున్నారో ప్రథమాధ్యాయ ప్రారంభంలోనే స్పష్టం చేశారు. ఖ్యాతి, లాభం, పూజ అనే మూడింటినీ వారు నిరాకరించారు. తమకు కలిగిన బోధను బ్రహ్మవేత్తలనే గీటురాళ్ల మీద పెట్టి పరిశుద్ధం చేసుకోవడమే తమ ఉద్దేశమన్నారు.

ఈ మాటలో రచయితకూ పాఠకునికీ ఉన్న సంబంధం పూర్తిగా మారిపోతున్నది. ఇక్కడ రచయిత దాత కాడు, పరీక్షకు నిలిచినవాడు. పాఠకుడు యాచకుడు కాడు, నికషోపలం. మనస్సులో ఉన్నంతవరకు ప్రతి ఆలోచనా బంగారంలాగే మెరుస్తుంది. ఏకాంతంలో చేసిన ప్రతి సమన్వయమూ అఖండనీయమనే తోస్తుంది. దానిని వాక్యంగా మలచేటప్పుడు మొదటి పగుళ్లు కనిపిస్తాయి, ఇతరులు చదివినప్పుడు మిగిలినవి బయటపడతాయి. శ్రవణానంతరం మననం చేయాలని వేదాంతం విధిస్తున్నది. సంశయనివృత్తి మననానికి ఫలం. తనకు తోచని సంశయాన్ని మరొకరు లేవనెత్తినప్పుడే మననం సంపూర్ణమవుతుంది. కనుక ముముక్షువుకు రచన శ్రవణమననాల కొనసాగింపే.

నైష్కర్మ్యసిద్ధి పుట్టుక గురించి మాధవీయ శంకరవిజయం చెప్పే కథ ఈ సందర్భంలో స్మరణీయం. సూత్రభాష్యానికి వార్తికం వ్రాసే పని సురేశ్వరులకు అప్పగించడానికి గురువు సంకల్పించగా, తోటి శిష్యులలో కొందరు ఆక్షేపించారట. పూర్వాశ్రమంలో ఆయన కర్మమీమాంసకుడు, మండనమిశ్రుడనే గృహస్థు. అటువంటివాడు భాష్యాన్ని కర్మపరంగా మలుపు తిప్పడని నమ్మకమేమిటని వారి శంక. ఆయన వ్రాసినదానిని వారు శంకించలేదు, ఎందుకంటే ఆయన ఇంకా ఏమీ వ్రాయనేలేదు. ఆయన గతాన్నే శంకించారు. అప్పుడు గురువు స్వతంత్రంగా ఒక గ్రంథం వ్రాసి చూపమని ఆదేశించారు. అలా వెలువడినదే నైష్కర్మ్యసిద్ధి. జ్ఞానమే మోక్షసాధనం, కర్మ సాక్షాత్ సాధనం కాదని ఆ గ్రంథం ఎంత నిర్ద్వంద్వంగా నిరూపించిందంటే శంకించినవారు సమాధానపడ్డారు. మండన సురేశ్వరుల ఏకత్వం విషయంలో ఆధునిక పరిశోధకులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా సంప్రదాయం ఈ కథను భద్రపరచుకోవడంలో ఒక బోధ ఉన్నది. సతీర్థ్యుల నోటి నుండి వచ్చిన అనుమానానికి సురేశ్వరులు కోపంతోనూ మౌనంతోనూ సమాధానం చెప్పలేదు, గ్రంథంతో చెప్పారు.

అదే కావ్యంలో పద్మపాదాచార్యుల కథ ఇంకా కఠోరమైనది. ఆయన తమ వ్యాఖ్యను భద్రపరచమని మేనమామ ఇంట ఉంచి తీర్థయాత్రకు వెళ్లగా, ప్రాభాకర మీమాంసకుడైన ఆ మేనమామ తన మతాన్ని ఖండించిన గ్రంథం మిగలకూడదని, అగ్నిప్రమాదమనిపించేలా ఇంటితో సహా దానిని దహింపజేశాడట. ఒకసారి విన్నదానిని గుర్తుంచుకున్న గురువు మళ్లీ చెప్పగా పద్మపాదులు తిరిగి వ్రాసుకున్నారు. పంచపాదిక అనే పేరుకు సంప్రదాయం చెప్పే కథ ఇది. నిందకు పరాకాష్ఠ గ్రంథదహనమే. అది జరిగిన తరువాత కూడా శిష్యుడు వ్రాయడానికి కూర్చున్నాడు, గురువు చెప్పడానికి కూర్చున్నారు.

పూర్వపక్షం: మౌనమే శ్రేయస్కరం కాదా?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. విద్యాదేవత బ్రాహ్మణుని చేరి, తనను నిధిలా రక్షించమని, అసూయాపరునికి, ఋజుత్వం లేనివానికి, నియమం లేనివానికి తనను అప్పగించవద్దని ప్రార్థించినట్లు యాస్కుని నిరుక్తం చెబుతున్నది. అడగనివానికి చెప్పరాదని, తెలిసినవాడు కూడా లోకంలో జడునివలె మెలగాలని మనుస్మృతి. చవిటినేలలో విత్తడం కన్న విద్యతో కూడా మరణించడమే మేలని కూడా అదే స్మృతి. గీతాశాస్త్రం ముగిసే చోట సాక్షాత్తు భగవంతుడే తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి, తనయందు అసూయ కలవానికి దీనిని చెప్పవద్దని నిషేధించాడు. ఇన్ని వాక్యాలు ఇంత స్పష్టంగా ఉండగా, అందరి కంటా పడే చోట ఆధ్యాత్మిక విషయాన్ని ఉంచడమే దోషం కదా? నింద వచ్చిందంటే అది రచయిత స్వయంకృతమే కదా?

సమాధానం గీతలోనే ఉన్నది. ఆ నిషేధం 18వ అధ్యాయంలో 67వ శ్లోకం. దాని వెంటనే వచ్చే 68, 69 శ్లోకాలలో, ఈ రహస్యాన్ని తన భక్తులకు చెప్పేవాడు తననే చేరుతాడని, మనుష్యులలో అతనికన్న తనకు ప్రియమైన పని చేసేవాడు మరొకడు లేడని భగవానుడు ప్రకటించాడు. నిషేధం ఒక శ్లోకం, ప్రోత్సాహం రెండు శ్లోకాలు. కనుక నిషేధానికి ఉద్దేశం వాక్కును ఆపడం కాదు, దానిని తగినవారి వైపు మళ్లించడం.

మౌఖికోపదేశంలో గురువు శిష్యుని ముఖం చూచి చెబుతాడు. లిఖితగ్రంథం పాఠకుని ముఖం చూడలేదు. ఈ కష్టం పూర్వాచార్యులకు తెలియనిది కాదు. అందుకే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే అనుబంధ చతుష్టయాన్ని గ్రంథాదిలోనే ప్రకటించే పద్ధతిని పాటించారు. ఈ గ్రంథం ఎవరికోసమో ముందే చెప్పడం అంటే తలుపు మీద పేరు వ్రాసి ఉంచడం. ఆ తరువాత అనధికారి తలుపు తీసి లోపలికి వచ్చి కోపగించుకుంటే దోషం గ్రంథానిది కాదు. అంతేకాక నిషేధవాక్యాలకు ముఖ్యవిషయం రహస్యోపదేశం. ప్రసిద్ధమైన భాష్యాలను చదివి, తనకు బోధపడినంతను వినయంగా నివేదించడం మంత్రోపదేశం వంటిది కాదు.

గోష్ఠీపూర్ణుల నుండి పొందిన రహస్యార్థాన్ని, గురువాజ్ఞను అతిక్రమిస్తే నరకం తప్పదని తెలిసి కూడా, రామానుజాచార్యులు తిరుక్కోష్టియూరు ఆలయ గోపురమెక్కి అందరికీ ప్రకటించారని శ్రీవైష్ణవ గురుపరంపర చెబుతున్నది. తనకు నరకమైనా ఇందరికి మోక్షం కలుగుతుందన్న ఆయన సమాధానం విని గురువే ఆలింగనం చేసుకున్నారు. అందరూ రామానుజులు కారు. కాని గోప్యతకూ కారుణ్యానికీ సంఘర్షణ వచ్చినప్పుడు సంప్రదాయ హృదయం ఏ వైపు మొగ్గిందో ఆ కథ చాటుతున్నది.

స్వాధ్యాయానికి జంట ప్రవచనం

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో నవమానువాకం ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం మొదలైన పన్నెండు ధర్మాలను చెబుతూ, ప్రతి ఒక్కదానితోనూ స్వాధ్యాయప్రవచనాలను జోడించింది. అతిథిసేవతో పాటు అవి ఉండాలి, సంతానపోషణతో పాటు అవి ఉండాలి. ఆ అనువాకాంతంలో ముగ్గురు ఋషుల మతాలు ఉదాహృతమైనాయి. సత్యమే ప్రధానమని రాథీతరుడు, తపస్సే ప్రధానమని పౌరుశిష్టి, స్వాధ్యాయప్రవచనాలే ప్రధానమని, అవే తపస్సని నాకుడనే మౌద్గల్యుడు. ఉపనిషత్తు ఎక్కడా స్వాధ్యాయాన్ని ఒంటరిగా వదలలేదన్నది గమనించదగిన అంశం. చదవడం, చెప్పడం ఒకే సమాసంలో బంధింపబడ్డాయి. చదివి చెప్పనివాడు ఆ వ్రతంలో సగమే ఆచరించినవాడు.

మరొక దృష్టితో చూస్తే ఇది ఋణవిమోచనం. దేవ, ఋషి, పితృ ఋణాలతో మానవుడు జన్మిస్తాడని వేదం చెబుతున్నది. ఋషిఋణం అధ్యయనంతో తీరేది. ఋషులు ఇచ్చినదానిని తనలోనే నిలుపుకుంటే ఆ ప్రవాహం అక్కడితో ఆగిపోతుంది. ఋణం తీర్చేవాడు సన్మానాన్ని ఆశించడు. అప్పు చెల్లించే వేళ ఎదుటివారు ముఖం చిట్లించారని చెల్లింపు మానివేసేవాడు లోకంలో ఉండడు. రచయిత తన పనిని ఉపకారంగా భావించడం మాని ఋణంగా భావిస్తే, నింద తగలవలసిన చోటే మిగలదు.

ఫలం ఎప్పుడు, ఎవరికి అందుతుందో వ్రాసేవానికి తెలియదు. తనను చులకన చేసేవారి కోసం తన ప్రయత్నం కాదని, తనతో సమానధర్మం కలవాడు ఎక్కడో ఉంటాడని, లేదా ఎప్పటికైనా పుడతాడని భవభూతి మాలతీమాధవ ప్రస్తావనలో నమ్మకం ప్రకటించాడు. కాళిదాసు విషయంలో ఆ నమ్మకానికి తెలుగునేలే సాక్ష్యం. దుర్వ్యాఖ్యలనే విషంతో మూర్ఛిల్లిన కాళిదాస వాణిని తన సంజీవనీవ్యాఖ్యతో బ్రతికిస్తానని పూనుకున్న మల్లినాథసూరి మెదకు సీమలోని కొలచెలమ వాడు. కవికీ ఆ వ్యాఖ్యాతకూ మధ్య ఎన్నో శతాబ్దాలు గడిచాయి. మొదటి విమర్శకే కవి మౌనం వహించి ఉంటే, ఆ తరువాత బ్రతికించడానికి మల్లినాథునికి ఏమి మిగిలేది?

భాషావిషయకమైన నింద మరొకటి. దేశభాషలో తత్త్వం చెప్పినవారందరూ దానిని ఎదుర్కొన్నారు. పాల్కురికి సోమనాథుడు జానుతెనుగులో, ద్విపదలో బసవపురాణం వ్రాస్తూ, తెలుగుమాటలే కదా అని తేలికగా చూడవద్దని ముందే హెచ్చరించవలసి వచ్చింది. 1574లో అయోధ్యలో రామచరితమానసాన్ని ప్రారంభించిన తులసీదాసు, తన భాషాకవిత్వాన్ని చూచి నవ్వేవారుంటారని ఎరిగి, బాలకాండ ప్రారంభంలో సజ్జనులతో పాటు దుర్జనులకూ వందనం సమర్పించాడు. ఆ వందనంలో కొంత చమత్కారమున్నా, భయం మాత్రం లేదు. ఈనాడు సంస్కృతం రాని లక్షల గృహాలలో రామకథ పారాయణమవుతున్నదంటే, నవ్వులకు వెరవని ఆ కలమే కారణం.

విమర్శ త్రివిధం

అయితే ప్రతి విమర్శనూ నింద అనుకోవడం రచయితకు మరొక పతనహేతువు. గౌతముని న్యాయసూత్రాలు వివాదకథను మూడుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం ప్రమాణతర్కాలతో సాగేది వాదం. జయమే లక్ష్యంగా ఛలజాతినిగ్రహస్థానాలను కూడా ప్రయోగించేది జల్పం. స్వపక్షమంటూ ఏదీ స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. వాదించేవారిలో వాదం తానేనని గీత విభూతియోగంలో భగవానుడు చెప్పుకున్నాడు. అంటే నిజాయితీగా సాగే విమర్శ భగవద్విభూతి. దానిని బాధాకరమని తిరస్కరించేవాడు విభూతినే తిరస్కరిస్తున్నాడు.

జల్పవితండలను కూడా గౌతముడు పూర్తిగా త్రోసిపుచ్చలేదు. మొలకలను కాపాడడానికి ముళ్లకంప నాటినట్లు, తత్త్వనిశ్చయాన్ని రక్షించుకోవడానికి అవి ఉపయోగపడతాయన్నాడు. ముళ్లకంప మొలక చుట్టూ ఉండాలి. మొలక మీదనే పడవేస్తే రక్షణ పేరిట వధ జరుగుతుంది. నేర్చుకునే దశలో ఉన్న సాధకుని మొదటి వ్యాసం మీద మహాపండితుడు వితండ ప్రయోగించడం అటువంటిదే.

అసూయ అనే శబ్దానికి గుణాలలో దోషాన్ని ఆవిష్కరించడమని పెద్దలు అర్థం చెప్పారు. దోషంలో దోషాన్ని చూపడం అసూయ కాదు. అది వైద్యం. గుణంలో దోషాన్ని కల్పించడమే అసూయ. ఈ భేదం తెలిసిన రచయిత తనను విమర్శించినవారందరినీ అసూయాపరులని ముద్ర వేయడు.

శంకర భగవత్పాదులు కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. బ్రహ్మసూత్ర ద్వితీయాధ్యాయం తర్కపాదంలో సాంఖ్యాది మతాల ఖండనకు పూనుకుంటూ, ముముక్షువులకు స్వపక్షస్థాపన చాలు కదా, పరద్వేషం కలిగించే పరమతఖండన ఎందుకు అన్న ఆక్షేపణను భాష్యంలో వారే లేవనెత్తారు. మహాజనులు పరిగ్రహించిన తంత్రాలని చూచి మందబుద్ధులు వాటిని మోక్షసాధనాలుగా భ్రమించే అవకాశమున్నది, దానిని నివారించడానికే ఈ ప్రయత్నమని సమాధానం చెప్పారు. విమర్శకు అధికారం ఇచ్చేది కారుణ్యమొక్కటే. చదివేవాడు దారి తప్పకూడదన్న ఆర్తి ఉంటే ఖండన ధర్మమవుతుంది. వ్రాసినవాడు తలవంచుకోవాలన్న కోరిక ఉంటే అదే ఖండన హింస అవుతుంది.

విపక్షాన్ని గౌరవించడంలో ఈ సంప్రదాయం ఎంత దూరం వెళ్లిందంటే, లోకాయతుల మూలగ్రంథం నేడు సమగ్రంగా లభించకపోయినా, వారి మతం వారిని ఖండించినవారి గ్రంథాలలోనే అధికంగా బ్రతికి ఉన్నది. పూర్వపక్షాన్ని బలహీనం చేయకుండా చెప్పిన తరువాతనే సిద్ధాంతం చెప్పడం ఈ శాస్త్రమర్యాద.

రచయిత ధర్మం, పాఠకుని ధర్మం

పరుషవాక్యం చేరినప్పుడు రచయిత దానిని మూడు భాగాలుగా వేరుచేయాలి. శబ్దదోషం చూపితే వెంటనే దిద్దుకోవాలి. అర్థదోషం చూపితే మూలగ్రంథం తెరచి, భాష్యం పరిశీలించి, అవసరమైతే పెద్దలను ఆశ్రయించి నిర్ణయించుకోవాలి. ఈ రెండింటినీ తీసివేసిన తరువాత మిగిలేది వ్యక్తినింద. దానికి సమాధానం అవసరం లేదు. మనస్సు కుదుటపడే వరకు ప్రత్యుత్తరం వ్రాయకపోవడం మేలు. క్రోధంలో వ్రాసిన సమాధానం సత్యమే అయినా, చదివేవారికి అందులో క్రోధమే కనిపిస్తుంది.

తన నోట పలికేది శ్రీరామచంద్రుడేనని పోతన భావించాడు. కర్తృత్వం భగవంతునికి అర్పించినవానికి నింద సోకదు. అయితే ఈ భావనను కవచంగా వాడుకోకూడదు. పలికించేవాడు భగవంతుడే కావచ్చు, సంధి తప్పింది మాత్రం రచయితే. మూలం లేనిది వ్రాయనని, అనవసరమైనది చెప్పనని మల్లినాథసూరి పెట్టుకున్న నియమం ప్రతి రచయితా తనకు విధించుకోదగినది. దానిని పాటించినవానికి విమర్శలో సగం పుట్టదు. పుట్టిన సగానికి సమాధానం సిద్ధంగా ఉంటుంది.

నిందాస్తుతులను సమంగా చూడమని గీత చెప్పినప్పుడు లోకం నిందనే తలచుకుంటుంది, స్తుతిని మరచిపోతుంది. సన్మానాన్ని విషంలా చూచి ఉలికిపడమని, అవమానాన్ని అమృతంలా కోరమని మనుస్మృతి అంటున్నది. సాధకునికి ప్రశంసే అధిక ప్రమాదం. నింద అతనిని తిరిగి పుస్తకం దగ్గరకు పంపుతుంది. ప్రశంస పుస్తకం మూయిస్తుంది.

పాఠకునికీ ఒక తపస్సు విధింపబడింది. గీత 17వ అధ్యాయంలో వాఙ్మయ తపస్సును చెప్పే శ్లోకం ఉద్వేగం కలిగించని, సత్యమైన, ప్రియమైన, హితమైన వాక్యాన్ని, స్వాధ్యాయాభ్యాసాన్ని ఒకే చోట చేర్చింది. ఎంత చదివినా నాలుక గాయపరిచేదిగా ఉంటే ఆ తపస్సు అసంపూర్ణం. సత్యం పేరుతో ప్రియహితాలను వదలివేయడానికి శాస్త్రం అనుమతి ఇవ్వలేదు. దోషాన్ని చూపడానికి ఒక వాక్యం చాలు. ఆ వాక్యంతో పాటు మూలాన్ని సూచిస్తే వ్రాసినవాడు శిష్యుడవుతాడు, ఎత్తిపొడుపును జోడిస్తే శత్రువవుతాడు. అన్నింటికన్న మించి, ఆ ఎత్తిపొడుపు విని ఒక సాధకుడు వ్రాయడం మానివేస్తే, అతని ద్వారా శాస్త్రాన్ని చేరవలసిన నలుగురు చేరకుండా పోతారు. ఆ నష్టం విమర్శకునికి ఎన్నడూ కనిపించదు.

సుకుమారహృదయులు నిందకు వెరచి తప్పుకుంటే సరస్వతీపీఠం ఖాళీగా ఉండిపోదు. సిగ్గూ సందేహమూ లేనివారు వచ్చి దానిని ఆక్రమిస్తారు. తమ మాటను ఏ గీటురాయి మీదా పెట్టడానికి ఇష్టపడనివారే అప్పుడు ధర్మాన్ని వ్యాఖ్యానిస్తారు. సందేహించగలవాడు, దిద్దుకోగలవాడు, గాయపడగలవాడు వ్రాయవలసిన అవసరం అందువల్లనే ఉన్నది.

తన వద్ద ఉన్నది బంగారమో ఇత్తడో నిర్ణయించే అధికారం వ్రాసేవానికి లేదు. దానిని గీటురాయి వద్దకు తీసుకువెళ్లే బాధ్యత మాత్రం అతనిదే. బంగారమని తేలితే అది ఋషులది. ఇత్తడి అని తేలితే, ఇంతకాలం దేనిని భద్రంగా దాచుకున్నాడో అతనికి ఆనాడు తెలుస్తుంది. ఆ తెలియడం కూడా జ్ఞానమే.

స్వస్తి.